వేసవి గాలివానల ముందుచూపు: పెనుకొండ సీమలో నేల, నింగి, చెరువునీరు

చైత్రము ముదిరి ఎండ నడినెత్తికెక్కిన నాటినుండి మృగశిర కార్తె ప్రవేశించు నాటి వరకు, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఆకాశమును గూర్చి జనులు అడుగు ప్రశ్న ఒక్కటే: సాయంకాలమునకు వాన దిగునా, లేక దుమ్ము రేపి గాలి మాత్రమే పోవునా? ప్రశ్న చిన్నదే కాని దాని వెనుకనున్న బ్రతుకు చిన్నది కాదు. ఆ వాన దిగినచో మెట్టచేనికి తొలి పదును దొరకును. ఆ గాలి విజృంభించినచో ఏడాది పెంచిన అరటితోట ఒక్క గడియలో నేలకొరగును. ఆ మేఘమునుండి పిడుగు పడినచో చెట్టుక్రింద గుమిగూడిన గొర్రెలమందయు, మందను కాచువాడును బ్రతికి బయటపడుట దుర్లభము. అదే మేఘమును దూరమునుండియే కనిపెట్టి, బెంగుళూరునుండి ఉత్తరమునకు పోవు విమానము దారి మరల్చుకొనుచుండును. అదే మేఘపు నీడలో చెరువు నడుమ పుట్టిలో కూర్చుండి వల లాగువాడు ఒడ్డెంత దూరమున్నదో కన్నులతో కొలుచుకొనుచుండును.

ఈ విధముగా ఒకే మేఘము నేలమీది వారికి, నింగిలోని వారికి, నీటిమీది వారికి మూడు వేర్వేరు సమస్యలుగా పరిణమించుచున్నది. ఈ ముగ్గురికిని ముందస్తు సూచన ఎట్లు అందుచున్నది, అందలి నిశ్చయమెంత, అనిశ్చయమెంత, ఎవరికి అది అక్కరకు వచ్చుచున్నది అను విషయములను ఒక్కచోట చేర్చి పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. అట్లు పరిశీలించినపుడు నాకు ప్రధానముగా తోచిన విషయమును ముందే చెప్పెదను. విమానమునకు అందు హెచ్చరిక స్పష్టమైనది. అది అందిన పిదప చేయవలసిన పనియు నియమరూపమున ముందే నిర్ణయింపబడి యున్నది. కాపరికిని, జాలరికిని అందు హెచ్చరిక మాత్రము జిల్లాకంతటికిని కలిపి చెప్పిన సాధారణవాక్యముగా మిగిలిపోవుచున్నది. శాస్త్రమునందలి కొఱతకంటె ఆ శాస్త్రఫలమును పంచుటయందలి ఈ అసమానతయే మనము ముందుగా తీర్చుకొనవలసిన లోపము.

సీమ స్వరూపము

2022 ఏప్రిల్ 4న అనంతపురము జిల్లానుండి విడివడి, పుట్టపర్తి కేంద్రముగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణములును ఒకే రైలుదారి వెంట దక్షిణమునుండి ఉత్తరమునకు వరుసగా అమరియున్నవి. కర్ణాటక సరిహద్దును ఆనుకొన్న హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల ఎత్తున నుండగా, ఉత్తరమున ధర్మవరము సుమారు 1,100 అడుగుల ఎత్తున మాత్రమే యున్నది. నూరు కిలోమీటర్లకు లోపే భూమి ఇంత దిగుటచేత హిందూపురము, లేపాక్షి, మడకశిర ప్రాంతములు మిట్టసీమయొక్క చల్లదనమును కొంత అనుభవించుచుండగా, ధర్మవరపు మైదానము వేసవియెండకు నేరుగా గురియగుచున్నది. ఒకే దినమున హిందూపురమున వాన కురిసి, ధర్మవరమున వడగాలి వీచుటలో ఆశ్చర్యపడవలసినది లేదు.

పడమటి కనుమల అడ్డము వలన నైరుతి ఋతుపవనము బలము కోల్పోయి వచ్చుట, తూర్పుతీరమునకు దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనము పూర్తిగా చేరకపోవుట అను రెండు కారణముల మూలమున ఈ సీమ దేశమున మిక్కిలి తక్కువ వర్షపాతము గల ప్రాంతములలో ఒకటిగా ప్రసిద్ధికెక్కినది. ఉమ్మడి అనంతపురము జిల్లాకు సాధారణ వార్షిక వర్షపాతము సుమారు 553 మిల్లీమీటర్లు. అందులో నైరుతి కాలమున 338, ఈశాన్య కాలమున 156 మిల్లీమీటర్లు పోగా, శీతకాలమునకును వేసవికిని కలిపి మిగులునది దాదాపు 60 మిల్లీమీటర్లే. లెక్కకు ఇది పదింట ఒక పాలు. అయినను ఈ పదియవ పాలు నేల మిక్కిలి దాహముతోనున్న వేళ పడుచున్నది. అదియు మెల్లగా కురియు ముసురుగా గాక, ఉరుములు, మెరుపులు, ఈదురుగాలి, అప్పుడప్పుడు వడగండ్లతో కూడి, ఒక ఊరిని ముంచి ప్రక్క ఊరిని విడిచి పడుచున్నది. ఈ సీమలో వేసవివానను గూర్చి ఆలోచించుట యనగా ప్రధానముగా గాలివానను గూర్చియే ఆలోచించుట.

ఇట్టి నేలను ఏలినవారు నీటివిలువను ఎఱుగకపోలేదు. విజయనగర రాజప్రతినిధిగా పెనుకొండను పాలించిన ప్రతాపరాయలు 1388లో సింగయభట్ట అను జలశాస్త్రవేత్తను పిలిపించి పెన్నానదిని పెనుకొండకు తీసికొనిరమ్మని ఆజ్ఞాపించినట్లు గౌరీబిదనూరు ప్రాంతపు శాసనము తెలుపుచున్నది. ఆకాశము ఇచ్చినపుడు పట్టుకొని, ఇవ్వనినాడు పొదుపుగా వాడుకొనుటయే ఈ సీమలోని చెరువులకు, కాలువలకు మూలసూత్రము. వేసవి గాలివానల ముందస్తు సూచనను సైతము ఆ జాగరూకతకు నేటికాలపు కొనసాగింపుగా మనము గ్రహింపవలెను.

మేఘము పుట్టుతీరు

గాలివానకు మూడు సాధనములు కావలెను: గాలిలో తేమ, ఆ గాలి పైకి లేచుటకు అనువైన అస్థిరస్థితి, దానిని మొదట పైకి నెట్టు ప్రేరణ. ఏప్రిల్, మే మాసములలో విదర్భ లేదా మరట్వాడ ప్రాంతములనుండి కర్ణాటక అంతర్భాగము మీదుగా తమిళనాడు వరకు అల్పపీడన ద్రోణియో, గాలుల దిశ మారు రేఖయో ఏర్పడుచుండుట వాతావరణశాఖవారి దినసరి ప్రకటనలలో తరచుగా కనిపించు మాట. ఆ రేఖ వెంట ఉత్తరదిక్కునుండి వచ్చు పొడిగాలియు, బంగాళాఖాతము వైపునుండి వచ్చు తేమగాలియు కలిసికొనుచుండును. మధ్యాహ్నపుటెండకు కాగిన నేల తనను తాకిన గాలిని పైకి పంపును. కొండలు, గుట్టలు దానికి తోడ్పడును. ద్రోణి దానిని కూడగట్టును.

ఎండ ఎంత తీవ్రమైన వాన అంత నిశ్చయము అను నమ్మకము పల్లెలలో గాఢముగా నున్నది. ఇది సగమే సత్యము. నేలకు ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున వెచ్చని పొడిగాలి పొర పరచుకొనియున్నపుడు అది కుండపై మూతవలె పనిచేసి, క్రిందిగాలి ఎంత కాగినను పైకి పోనీయదు. అట్టి దినములలో మండుటెండ మిగులునే కాని మేఘము పెరుగదు. మూత పలుచబడినచోట, లేదా ఏదేని ప్రేరణచేత ఒకచోట చీలినపుడు, అంతవరకు అణగియున్న శక్తి అంతయు ఆ చీలికగుండా ఎగసి, అరగంటలోపలనే ఆకాశమును కప్పివేయును. ఆ మూత ఎక్కడ, ఏ గడియలో చీలునో ముందుగా తెలియకపోవుటయే ఈ సూచనలోని కష్టమునకు మూలము.

మేలోని ఆకాశమున సుమారు అయిదు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీకి దిగును. కాని పెరిగిన క్యుములోనింబస్ మేఘపు శిఖరము పదిహేను కిలోమీటర్లను అందుకొనును, ఒక్కొక్కప్పుడు దాటిపోవును. ఈ రెండు ఎత్తుల నడుమ మంచుకణములును, చిన్న వడగండ్లును, అతిశీతలములైన నీటిబిందువులును రాపిడి పొందుటచేత విద్యుదావేశము వేరుపడి, మేఘపు పైభాగమున ధనముగను, నడిమిభాగమున ఋణముగను కూడుకొనును. ఆ వేర్పాటు హద్దుమీరినపుడు పుట్టునదే మెరుపు; దాని మార్గమునందలి గాలి ఇంచుమించు 30,000 డిగ్రీల వరకు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచించుటయే ఉరుము.

మన సీమకు ప్రత్యేకమైన లక్షణమొకటి ఇచట చెప్పవలెను. సముద్రతీరమున మేఘముక్రింది గాలి తేమగా నుండును. ఇచట అది పొడిగా నుండును. పైనుండి రాలు చినుకులలో చాలభాగము ఆ పొడిగాలిలో ఆవిరియై, ఆ గాలిని చల్లబరచి బరువెక్కించును. ఆ బరువైన చల్లగాలి నిట్టనిలువుగా నేలపై బడి, నలుదెసలకు చెదరి, వానకంటె ముందుగా పది కిలోమీటర్ల దూరము వరకైనను దుమ్మును రేపుకొని పోవును. వానచుక్క పడకుండగనే రేకులు లేచిపోవుట, చెట్లు విరుగుట, విద్యుత్‌స్తంభములు పడిపోవుట ఈ ప్రాంతమున తరచుగా జరుగుటకు ఇదియే కారణము. గాలి చల్లబడినదని సంతోషించు ఆ క్షణమే అపాయము సమీపించిన క్షణమని గ్రహించుట క్షేమము.

నేల

మెట్టసేద్యమునకు వేసవివాన మొదటి పెట్టుబడి. భరణి, కృత్తిక కార్తెలలో ఒక మంచి వాన పడినచో వేరుసెనగ రైతు వేసవిదుక్కి దున్నును. దున్నిన నేల తరువాతి వానను లోపలికి పీల్చుకొనును. మట్టిలో దాగిన పురుగుల ప్యూపాలు ఎండకును పక్షులకును బయటపడి నశించును. గట్లపై పచ్చిక మొలచి గొర్రెలకు మేత దొరకును. ముంగారు విత్తునకు కావలసిన అదను పదునులలో అదనును కాలము నిర్ణయించునుగాని, పదునును ఈ వానలే సమకూర్చును. కావున గాలివానను కేవలము ఉపద్రవముగా చిత్రించు సూచన రైతునకు సగమే ఉపయోగపడును. రేపు వాన పడు అవకాశమున్నదని చెప్పుట నాగలి సిద్ధము చేసికొమ్మనుటయు, తోటకు ఊతము కట్టుమనుటయు, రెండును.

తోటలకు కలుగు నష్టము మాత్రము తీవ్రమైనది. గెలవేసిన అరటి గంటకు అరువది కిలోమీటర్ల గాలికి నిలువజాలదు. బొప్పాయి మొదలంట విరుగును. మామిడికాయ పక్వమునకు వచ్చు సమయమును, గాలివానల సమయమును ఒక్కటే యగుటచేత రాలిన కాయ కారుచౌకకు పోవును. వడగండ్లు తాకిన చీనీకాయపై మచ్చ పడి వెల తగ్గును. పశువులకై దాచిన వేరుసెనగ కట్టె వాములు తడిసి బూజుపట్టును. చింతపండు వ్యాపారమునకు పేరుపడిన హిందూపురమున ఎండబెట్టిన సరకు ఆరుబయట నున్న వేళ కురిసిన ఒక్క వానయే రైతుకును వర్తకునికిని కన్నీరు తెప్పించును. పట్టుపురుగుల పెంపకమందు తడిసిన మల్బరీ ఆకును మేపరాదు. తేమయును ఉష్ణమును హఠాత్తుగా మారినచో పురుగులకు రోగములు సోకును. కావున ఆరు గంటలు ముందుగా తెలిసినచో ఆకు కోసి నిలువచేసికొనుట పట్టురైతునకు సాధ్యమగును.

ధర్మవరమున ఈ నష్టము మరియొక రూపము దాల్చును. పట్టుచీరలకు దేశప్రసిద్ధమైన ఆ పట్టణములో ఎన్నో ఇండ్లలో మగ్గము గుంతలోనే యుండును. నేతగాడు ఆ గుంతలో కాళ్లుంచి నేయును. ఇరుకు వీథులలో కాలువలు పొంగినపుడు వాననీరు ముందుగా చేరునది ఆ గుంతలోనికే. మగ్గముపైనున్న పట్టువార్పు తడియుట, తేమకు నేత నిలిచిపోవుట, కరెంటు పోయి ఇల్లు చీకటియగుట అను కష్టములు కలిసి దినముల కొలది కూలిని హరించును. పంటనష్టమును గణించువారు గ్రామములకు పోవుదురు. మగ్గముగుంతలోని నీటిని గణించుటయు అంతే అవసరమని ఈ సందర్భమున చెప్పక తప్పదు. మట్టిమిద్దెలలో కాపురముండు పేదలను గూర్చియు ఇట్లే చెప్పవలెను.

ఇక పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల కాలములో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసినది. ఆ దినమున తొమ్మిదేండ్ల బాలికతో సహా తొమ్మండుగురు మరణించిరి. దేశమంతటను ఏటేట రెండున్నర వేలకు పైగా జనులు పిడుగుపాటున మరణించుచున్నట్లు జాతీయ నేరగణాంకముల సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. వీరిలో అధికులు పొలములలో పనిచేయువారు, పశువులను కాయువారు. గొర్రెల పెంపకమునకు పేరుపడిన ఈ సీమలో కాపరికి పగలెల్ల పైకప్పు లేదు; వాన వచ్చినపుడు అతనికి దొరకు ఆశ్రయము చెట్టే. చెట్టుపై పడిన పిడుగు వ్రేళ్లద్వారా నేలలో వ్యాపించునపుడు అడుగు దూరములోనే విద్యుత్పీడనమందు గొప్ప అంతరమేర్పడును. నాలుగు కాళ్లు దూరముగా ఊనిన పశువు శరీరముగుండా అది ప్రవహించును. మంద అంతయు ఒక్కసారిగా కూలుటకు కారణమిదియే. మెరుపు కనిపించిన పిదప ముప్పది సెకండ్లలోపల ఉరుము వినబడినచో మేఘము పది కిలోమీటర్లలోపే యున్నదని అర్థము. అప్పుడే పక్కా భవనమునకు చేరవలెను. కడపటి ఉరుము వినబడిన పిదప అరగంట వరకు బయటకు రాగూడదు. ఈ చిన్నలెక్కను ప్రతి కాపరికిని, ప్రతి బడిపిల్లకును నేర్పుటకు మనకు ఏ యంత్రమును అక్కరలేదు.

నింగి

హిందూపురమునకు సుమారు డెబ్బదియైదు కిలోమీటర్ల దూరమున, దేవనహళ్లి చెంత, 2008 మే 24న తెరువబడిన బెంగుళూరు అంతర్జాతీయ విమానాశ్రయము ఈ సీమ ఆకాశమును నిరంతర రాజమార్గముగా మార్చినది. హైదరాబాదు మొదలైన ఉత్తరదిక్కు నగరములకు పోవు విమానములు ఎత్తునకు ఎక్కుచు, అచటినుండి వచ్చునవి దిగుచు ఈ ప్రాంతముల మీదుగా సంచరించుచుండును. జిల్లాలోనే పుట్టపర్తియందు 1990లో నెలకొల్పిన విమానాశ్రయము, 2,230 మీటర్ల రన్‌వేతో, ప్రత్యేక విమానములకు ఉపయోగపడుచున్నది.

ప్రయాణవిమానములు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఎగురును. మేఘశిఖరము పదిహేను కిలోమీటర్లకు చేరును. కావున మేఘమును దాటిపోవుట కుదరదు, చుట్టిపోవలసినదే. తీవ్రమైన గాలివాన మేఘమునకు కనీసము ఇరువది నాటికల్ మైళ్లు, అనగా ఇంచుమించు 37 కిలోమీటర్ల దూరములో పోవలెనని వైమానికులకు ఉపదేశము కలదు. దీని వెనుక ప్రాణములు పెట్టి నేర్చిన పాఠములున్నవి. 1975 జూన్ 24న న్యూయార్కులోను, 1985 ఆగస్టు 2న డాలస్‌లోను దిగబోవుచున్న విమానములు మేఘమునుండి నేలపై విరుచుకుపడిన గాలిపాతమునకు చిక్కి కూలినవి. మొదటి ప్రమాదమును పరిశీలించిన ఫుజితా అను శాస్త్రజ్ఞుడు ఈ గాలిపాతముల స్వభావమును లోకమునకు వెల్లడించెను. పొడిగాలిలో చినుకులు ఆవిరియై పుట్టునట్టివియు అందులో కలవు. మన సీమ మేఘములు వాటికి అనువైనవని పైన చెప్పితిని. మన దేశముననే 2022 మే 1న ముంబయినుండి దుర్గాపురమునకు పోయిన విమానము దిగునపుడు తీవ్రమైన కుదుపునకు లోనై పలువురు గాయపడిరి. వేసవికాలపుది కాకున్నను, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు ప్రతికూల వాతావరణమున కూలిన దుర్ఘటన, తక్కువ ఎత్తున ఎగురు వాహనములకు క్యుములోనింబస్ ఎంత ప్రమాదకరమో తెలుగువారెవ్వరును మరువలేని విధముగా చూపినది.

ఈ భయములన్నిటి ఫలితముగా ఆకాశమార్గమునకు ఒక కట్టుదిట్టమైన సూచనావిధానము ఏర్పడినది. పెద్ద విమానాశ్రయమున ప్రతి అరగంటకు ఒకసారి అప్పటి వాతావరణమును తెలుపు మెటార్ వెలువడును. రాబోవు ముప్పది గంటల వరకు ఏ వేళ ఏ గాలి, ఏ మేఘము ఉండగలదో టాఫ్ చెప్పును. ఆకాశమార్గమున ఉరుముమేఘములు గుంపుగా నిలిచినపుడు ఈ సీమ ఆకాశము చేరియున్న చెన్నై విమానసమాచార ప్రాంతమునకు సిగ్మెట్ అను హెచ్చరిక నాలుగు గంటల పరిమితితో జారీయగును. విమానపు ముక్కులోనే రాడారు ఉండును. దేవనహళ్లిపై మేఘము నిలిచినచో చెన్నైకో, హైదరాబాదుకో పోవుటకు సరిపడు ఇంధనము ముందే నింపుకొనియుందురు. ఇందు గమనింపదగినది ఒక్కటే: హెచ్చరికయు, దాని గడువును, దాని ప్రదేశమును, దానికి ప్రతిగా చేయవలసిన పనియు, అన్నియు కలిసియే ప్రయాణించుచున్నవి. మేఘము ఏ గడియలో చీలునో విమానశాస్త్రమునకును తెలియదు. కాని తెలియనిదానికి ఎట్లు సిద్ధపడవలెనో దానికి తెలియును.

నీరు

ఈ సీమ నీటిని గూర్చి చెప్పునపుడు సముద్రమును గాని మహానదులను గాని తలపవలసిన పనిలేదు. ఇచటివి చెరువులు: చిత్రావతినీటితో నిండు బుక్కపట్నము చెరువు, తల్లి ధర్మాంబ పేర ఊరును నిలిపిన క్రియాశక్తి ఒడయరు కట్టించెనని ప్రతీతిగల ధర్మవరము చెరువు, జయమంగళి నీటిచే బ్రతుకు పరిగి చెరువు, ఇంకను లెక్కకు మిక్కిలియైన కుంటలు. పూర్వము వేసవిలో వీటిలో చాలభాగము బీటలువారి యుండెడివి. గాలివాన వచ్చు మాసములలో నీటిపై మనిషియే యుండెడివాడు కాడు. ఇప్పుడు పరిస్థితి మారినది. హంద్రీనీవా సుజల స్రవంతి ద్వారా కృష్ణాజలము ఈ మిట్టసీమకు చేరి, 2016 చివర పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయము ఆ నీటిని అందుకొనినది. మారాల, చెర్లోపల్లి జలాశయములును ఆ పథకములోనివే. వేసవిలో సైతము నీరు నిలిచియుండుట, చేపలు పెంచుట, పుట్టిలో పోయి వలవేయుట సాధ్యమైనవి. కావున చెరువునీటికి గాలివాన సూచన అవసరమనునది ఈ సీమలో నిన్నమొన్న పుట్టిన అవసరము. అందుకు తగిన అలవాటు ఇంకను ఏర్పడవలసియున్నది.

చెరువు చిన్నదగుటచేత అపాయము చిన్నదని తలంచుట పొరపాటు. లోతు తక్కువగల నీటిపై ఆకస్మికపు గాలి పొట్టియై నిటారుగా లేచు అలలను రేపును. పుట్టి గుండ్రనిది, దానికి ముందు వెనుకలు లేవు, గాలి తిప్పినవైపునకు తిరుగును. మేఘము కదలినకొలది గాలిదిశ మారుటచేత ఒడ్డునకు తెడ్డు వేసినవాడు మరల నడిమికి కొట్టుకొనిపోవచ్చును. విశాలమైన నీటిపై అతడొక్కడే ఎత్తైన వస్తువగుటచేత పిడుగునకు గురియగునదియు అతడే. 2018 మే 15న గోదావరిలో దేవీపట్నము మండలము మంటూరు చెంత ప్రయాణికుల లాంచీ ఈదురుగాలికి చిక్కి మునిగినది. గాలివానకు తలుపులు, కిటికీలు మూసియుండుటచేత లోనివారు బయటపడలేక పలువురు మరణించిరి. నది పెద్దదైనను అచటి కారణము వేసవి గాలివానయే. ఆ పాఠము గొల్లపల్లికిని, బుక్కపట్నమునకును వర్తించును.

చేపల పెంపకదారులకు మరియొక చిక్కు కలదు. ఎండకు పైనీరు వేడెక్కి, క్రిందినీరు ప్రాణవాయువు తక్కువై విడివిడిగా నిలిచిన చెరువులో, చల్లని వానయు గాలియు రెండు పొరలను ఒక్కసారిగా కలిపినపుడు చేపలు ఊపిరాడక తేలిపోవును. ముందుగా తెలిసినచో మేత ఆపుట, నీటిని చిలుకు యంత్రములను నడపుట సాధ్యము. చెరువుకట్ట విషయమునను జాగ్రత్త కావలెను. అలలు కట్టను కోయకుండ రాతిపరపు చక్కగా నుండుట, తూములు, మరువలు పూడికలేక యుండుట వేసవిలోనే చూచుకొనవలసిన పనులు; ఏలయన వేసవివాన చెరువును నింపకపోయినను, దాని బలహీనతను ముందుగా బయటపెట్టును.

ముందుగా ఎంత చెప్పగలము?

1875లో స్థాపితమైన భారత వాతావరణశాఖ వేసవికి ముందే ఆ కాలపు ఉష్ణోగ్రతలను గూర్చి దేశవ్యాప్తమైన అంచనాను ప్రకటించును. ఇది నీటిపారుదలకు, విద్యుత్తునకు, ప్రజారోగ్యమునకు అక్కరకు వచ్చునుగాని ఫలానా ఊరిలో ఎన్ని గాలివానలు వచ్చునో చెప్పజాలదు. చెప్పునని ఆశించుట శాస్త్రమునకు అన్యాయము. రెండవ మెట్టు అయిదారు దినముల సూచన: ద్రోణి ఏర్పడునా, తేమగాలి లోపలికి వచ్చునా అను సంగతిని ఇది మంచి నమ్మకముతో చెప్పగలదు. మూడవది నాటిసూచన: ఉదయపు బెలూనుల కొలతలవలన గాలి ఎంత అస్థిరముగా నున్నదో, మూత ఎంత మందముగా నున్నదో తెలిసికొని, సాయంకాలపు సంభావ్యతను చెప్పును. నాలుగవది మూడు గంటల సూచన: పుట్టిన మేఘమును చూచి, అది పోవు దిక్కును లెక్కించి, పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరించును. ఒక్కొక్క మేఘకోశమునకు ఆయువు ఒక గంటకు మించకపోవుటచేత ప్రాణరక్షణకు పనికివచ్చునది ఈ నాలుగవ మెట్టే. ఈ గాలివానలను గూర్చి మన దేశమున 2005లో స్టార్మ్ అను పరిశోధనా కార్యక్రమము రూపొంది, వంగదేశపు కాలబైశాఖి మేఘములతో ఆరంభమై, ఇతర ప్రాంతములకు విస్తరించినది.

నాలుగవ మెట్టునకు కన్ను రాడారు. చెన్నైలో 2002లో నెలకొల్పిన డాప్లర్ రాడారునకు హిందూపురము సుమారు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్నది. భూమి గుండ్రముగా నుండుటచేత రాడారు కిరణము అంతదూరము వచ్చుసరికి నేలకు ఆరు, ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున పోవుచుండును. మేఘపు తల దానికి కనిపించును, మొండెము కనిపించదు. మేఘము ఎదుగుచున్న తొలిదశ గాని, క్రింద నేలను తాకబోవు గాలిపాతము గాని ఆ దూరమునుండి పట్టుబడదు. ఇన్సాట్ ఉపగ్రహములు మేఘపు పైభాగమును అరగంటకొకమారు చూపును. మెరుపులను పసిగట్టు సెన్సారులు రేడియోతరంగముల ద్వారా పిడుగుల స్థానమును క్షణములలో గుర్తించును. పూనేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ ఆ సమాచారమును చేతిఫోనునకు తెచ్చును. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ సందేశములు పంపును. సాధనములు లేకపోలేదు; వాటి ఫలము ఒక గంటలోపల ఊరిచివరి పొలమునకు చేరుటయే మిగిలిన కార్యము.

చేయవలసినది

మొదట, సూచన మండలమునకో, పది ఊళ్ల సమూహమునకో వేరువేరుగా చెప్పబడవలెను. హిందూపురమునకు చెప్పిన మాట ధర్మవరమునకు సరిపడదని ఈ సీమ ఎత్తుపల్లములే చెప్పుచున్నవి. రెండవది, ప్రతి హెచ్చరికతోపాటు చేయవలసిన పనిని వృత్తివారీగా చేర్చవలెను: కాపరీ, మందను చెట్టుక్రిందినుండి తప్పించుము, నేతగాడా, మగ్గముపైని వార్పును కప్పుము, జాలరీ, పుట్టిని ఒడ్డునకు చేర్చుము. మూడవది, ఫోను లేనివారికిని, చూడనివారికిని వినబడునట్లు చెరువుకట్టపై సైరనును, ఊరిలో మైకును వాడవలెను. గుడియు, మసీదును, గ్రామ సచివాలయమును ఇందుకు తోడ్పడగలవు. నాలుగవది, ఈ మిట్టసీమ మేఘముల మొండెమును చూడగలుగునంత సమీపమున రాడారు ఉండవలెను. అయిదవది, వేసవి ముగిసిన పిదప ఇచ్చిన హెచ్చరికలలో ఎన్ని నిజమైనవి, ఎన్ని తప్పినవి, హెచ్చరిక లేకుండ వచ్చిన గాలివానలెన్ని అను లెక్కను మండలమువారీగా ప్రజల ముందుంచవలెను. తప్పిన సూచనను దాచినచో నమ్మకము పోవును. చెప్పినచో, నూటికి అరువది పాళ్లు అవకాశమనగా ఏమో జనులు క్రమముగా గ్రహింతురు.

వీనిలో రాడారు ఒక్కటి తప్ప తక్కినవన్నియు పెద్ద ధనమును కోరునవి కావు, శ్రద్ధను కోరునవి. వందలమంది ప్రయాణికులున్న విమానము విషయమున మన సమాజము ఆ శ్రద్ధను సంపూర్ణముగా చూపినది. అందుచేతనే వేసవి ఆకాశమున నేడు అంతమంది నిర్భయముగా పోగలుగుచున్నారు. ఆ విమానము క్రింద, పెనుకొండ గుట్టల నడుమ ఇరువది గొర్రెలతో నిలిచినవాని ప్రాణమును లోపల కూర్చున్నవారి ప్రాణముతో సమానమని ఒప్పుకొనుటకు మనకు అభ్యంతరము లేనపుడు, ఆ ఇరువురికిని అందు సూచనయు సమానమైన స్పష్టతతో, సమానమైన సకాలతతో అందవలెనని కోరుట న్యాయమే. ఆ న్యాయము జరుగుటకు శాస్త్రము ఇప్పటికే చాలవరకు సిద్ధముగా నున్నది. మన పాలనావ్యవస్థయు, మన ఊళ్లును సిద్ధపడవలెను.